మగ్గం గుంట మంచం

కోడుమూరు
సోమవారం

మా అరుణజ్యోతికి తాత రామలింగప్ప ఎవురి చేతా రాయించుకోకుండా సొంతంగా రాస్తాండే జాబు. నువ్వూ, నీ మొగుడూ, ఆస్పత్రి మంచం దిగి మీ ఇంటి మంచం ఎక్కిన మీ అవ్వా సల్లగుండల్ల.

ముందు ఒక సంగతి. ఈ పోస్టు కవర్లకు జిగురు పూసేటోడు ఎవడో గానీ ఉప్పు తినే ఇంట్లో పుట్టినోడు గాదు. నాలికతో ఎంత తడిపినా అంటుకోదు. నాలిక మాత్రం పొద్దుగూకేదాక అంగిలికి అంటుకోనే ఉంటాది. పోయిన జాబుకు ఇదే గతి. అందుకే ఈసారి అన్నం మెతుకులు నలిపి అంటించినా. నీకంటే ముందు చీమలు చదివింటే తప్పు నాది గాదు.

ఫోను చేయకుండా ఈ జాబులు ఏంటికి తాతా అంటావు. ఇంట్లో ఉండేది ఒక్క ఫోను. దాన్ని మీ అవ్వ తన మోకాలుతో పాటు కడపకు తీసకపోయె. పక్కింటి గిడ్డమ్మ ఫోను ఇస్తాది, లేదనను. ఫోనుతో పాటు తన చెవి కూడా ఇస్తాది. ఆయమ్మ ఫోనులో నేను దగ్గితే సాయంత్రానికి బస్టాండులో నాకు క్షయ అంటారు.

ఇంగ అసలు సంగతి. ఆపరేషను బాగా అయిందని, ఇకమీదట అవ్వ నేల మీద కూసోకూడదని, మన నులక మంచం పల్లంగా ఉంటాది గాబట్టి అదీ పనికిరాదని రాసినావు. ఎత్తు మంచం కడప షాపులో చూసినా, పంపిస్తా అని కూడా రాసినావు. వద్దు. మీ అవ్వ నా ఇంట్లో షాపు మంచం మీద పండుకునేదానికి నాకేమన్నా చేతులు పడిపోయినాయా? పోయిన గాలివానకు పడిన యాపమాను కోత మిషనులో కోయించి పెట్టినా. మగ్గం గదిలో మగ్గం ఒక పక్క నిలబడి ఉండాది, రెండో పక్క ఖాళీ. ఆడ నేను మంచం చేస్తాండా.

వీధి చివర జయరాజ్ తెలుసు గదా. తలుపులూ కిటికీలూ చేస్తాడు, చర్చి వాళ్ళలో ఎవురన్నా పోతే పెట్టె కూడా ఆయప్పే చేస్తాడు. రంపం, ఉలి అడిగితే ఇచ్చినాడు గానీ నోరు ఊరుకోలేదు.

"రామలింగన్నా, నేతగాడు మంచం చేస్తే దానికి కొంగు ఒక పక్క, అంచు ఒక పక్క వస్తాది," అన్నాడు.

"నీ పెట్టెల్లో పండుకున్నోడు ఒక్కడన్నా లేచి వచ్చి బాగుండాదని చెప్పినాడా?" అని నేనూ అడిగినా.

ఎత్తు ఎంత ఉండల్లో డాక్టరును అడిగి రాయి.

ఇట్లు, రంపం పట్టిన మీ తాత.

తా.క. నేను వేళకు వండుకొని తింటాండానని మీ అవ్వకు చెప్పు. మూడు పూటలా హోటలు ఉగ్గాని తింటాండానని చెప్పొద్దు. ఈ తా.క. బిగ్గరగా చదవొద్దు.

●

కడప
గురువారం

తాతకు నమస్కారాలతో అరుణజ్యోతి రాసేది.

నీ ఉత్తరం బిగ్గరగానే చదివాను. బిగ్గరగా చదవొద్దని రాసిన వాక్యం, చదవకూడని వాక్యం తర్వాత వస్తే నేనేం చేసేది? అవ్వ అంతా వింది. ఉగ్గాని దగ్గర కళ్ళు మూసుకుని తల ఊపింది. ఆ ఊపుడు నీకు తెలుసు.

డాక్టర్ గారిని అడిగాను. మంచం అంచున కూర్చుంటే పాదాలు రెండూ పూర్తిగా కింద ఆనాలట. మోకాలు నడుము కంటే పైకి లేవకూడదట. అవ్వ కాళ్ళకు ఇరవై అంగుళాల ఎత్తు సరిపోతుందన్నారు. తక్కువైతే లేచేటప్పుడు మోకాలి మీద బరువు పడుతుంది, చేసిన ఆపరేషన్ వృథా అవుతుంది. ఇది ఆటకాదు తాతా.

అవ్వ చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. పున్నమికి కోడుమూరు తీసుకువెళ్ళవచ్చన్నారు. అప్పటికి నీ మంచం సిద్ధంగా లేకపోతే నేను షాపులో చూసి పెట్టిన మంచం వ్యాన్ ఎక్కుతుంది. ఇందులో బేరం లేదు.

ఒక్క మాట. కొత్త చెక్కతో ఇన్ని తిప్పలు ఎందుకు? ఆ మగ్గం మీద ఎవరూ నేయడం లేదు కదా. దాని గుంజలు పాత టేకు, రాయిలాంటివి. వాటితోనే చేయొచ్చు కదా?

అవ్వ చెప్పమన్న మాట చెప్పినట్టే రాస్తున్నాను: "పెండ్లైన కొత్తలో పటం తగిలిస్తానని మేకు కొట్టి గోడ పడగొట్టినాడు మీ తాత. పటం బాగుండాది, గోడే మల్ల కట్టుకుంటిమి. ఆయప్ప చేసిన మంచం మీద నేను పండుకోవల్లంటే ముందు ఆయప్పను వారం రోజులు పండుకోమను."

ప్రేమతో,
అరుణ

తా.క. కవరు మీద నిజంగానే చీమలు వచ్చాయి. పోస్ట్‌మ్యాన్ దులిపి ఇచ్చాడు.

●

కోడుమూరు
మంగళవారం

చీమలకూ, వాటి తర్వాత అరుణమ్మకూ తాత రాసేది.

మగ్గం మాట మల్ల ఎత్తొద్దు. నేయకపోతే ఏమాయె, నిలబడి ఉండాది గదా. మీ అవ్వ కూడా నెల నుంచి వంట చేయకుండా కూసోనే ఉండాది, ఆమెను కోసి పలకలు చేసినామా? రేపు ఎవురన్నా వచ్చి రామలింగప్పా, ఒక చీర నేసి ఇయ్యి అంటే నేను దేని మీద నేయల్ల, మంచం మీదనా?

మంచం చట్రం అయిపోయింది. శానా బాగా వచ్చింది. కాళ్ళ కాడ కొంచిం తగవు వచ్చింది. ఏమైందంటే, జయరాజ్ ఇనుప టేపు ఇస్తానన్నాడు. జీవితమంతా నూలు పోగును నమ్మి బతికినోణ్ని, ఇనుమును ఎట్ల నమ్మేది? ఆయప్ప టేపు మీద ఇరవై అంగుళాలు చూసి, అంతకు నూలు పోగు తెంపుకున్నా. ఆ పోగుతో కొలిచి నాలుగు కాళ్ళూ కోసినా. ఆ పోగు గంజి పెట్టిన పోగని నాకు గుర్తు లేదు. మన ఎండ సంగతి తెలుసు గదా. చేతి చెమటకు గంజి వదిలి, లాగేకొద్దీ పోగు సాగింది. మొదటి కాలు ఒక ఎత్తు, ఆఖరి కాలు ఇంకో ఎత్తు. పండుకుంటే మంచం ఎద్దులబండి దిగువకు పోయినట్ల ఉండాది.

సరే, పొడుగు కాలు కొంచిం కోసినా. అప్పుడు దాని పక్కది పొడుగాయె. దాన్నీ కోసినా. అట్ల నాలుగూ మాట్లాడుకొని ఒక మాట మీదికి వచ్చేసరికి మంచం ఒకటిన్నర జాన ఎత్తు మిగిలింది. కదలదు మాత్రం. కొండ కదులుతాది గానీ అది కదలదు.

తాత ఓడిపోయినాడని నవ్వుకోవద్దు. నాకు ఒక ఉపాయం తట్టింది. డాక్టరు చెప్పిన ఎత్తు డాక్టరు చెప్పినట్లే వస్తాది. కొత్త చెక్క అక్కరలేదు. పార ఒకటి ఉంటే చాలు. ఇంతకంటే చెప్పను, వచ్చినప్పుడు చూసి మూర్ఛపోండి.

ఇట్లు, పట్టు వదలని మీ తాత.

తా.క. మీ అవ్వ చెప్పినట్లే నేను ముందు పండుకొని చూసినా. నిద్ర బాగా పట్టింది. లేచేదే కష్టమైంది, జయరాజ్ వచ్చి చెయ్యి ఇచ్చినాడు. ఈ తా.క. కూడా చదవొద్దు.

●

కడప
శనివారం

తాతా,

నమస్కారం తర్వాత పెడతాను. ముందు నువ్వు ఏం చేస్తున్నావో చెప్పు.

నిన్న పొద్దున్నే అవ్వ ఫోన్ మోగింది. ఎమ్మిగనూరు నుంచి మీ చిన్నాయన కోడలు. ఫోన్ ఎత్తిన అవ్వ గొంతు గుర్తుపట్టక, నేననుకుని, సుంకమ్మ ఎప్పుడు పోయిందమ్మా అని అడిగింది. అవ్వ తన ఊరి ప్రయాణం గురించి అడుగుతోందనుకుని, ఇంకా పోలేదు, పున్నమికి పోయేది, బండి కూడా మాట్లాడినాము అంది. అవతల ఆవిడ టక్కున ఫోన్ పెట్టేసింది.

అక్కడి నుంచి వరసగా ఫోన్లు. మధ్యాహ్నానికి రాజంపేట నుంచి అవ్వ తమ్ముడు ఓబులేసు తాత బస్సు దిగి, మూరెడు లావు పూలదండ పట్టుకుని ఏడ్చుకుంటూ మా వీధిలోకి వచ్చాడు. అవ్వ వరండాలో కుర్చీలో కూర్చుని జొన్నరొట్టె తింటోంది. తమ్ముణ్ణి చూసి ఎవురు పోయినార్రా ఓబులేసూ అని అడిగింది. పాపం, ఆయన అవ్వను చూశాడు, దండను చూశాడు, అలాగే మెట్ల మీద కూలబడ్డాడు. దండ వాడిపోతుందని అవ్వ దాన్ని లోపల దేవుడి పటానికి వేయించింది.

అప్పుడు గిడ్డమ్మకు ఫోన్ చేసి అడిగితే బయటపడింది. నువ్వు మగ్గం గదిలో నేల తవ్వుతున్నావట. మనిషి పొడుగు గుంటట. పక్కన పలకలు పేర్చి ఉన్నాయట. కిటికీలోంచి తొంగి చూస్తే నువ్వు ఆ గుంటలో కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నావట, శవపెట్టెలు చేసే జయరాజ్ టేపు పట్టుకుని గట్టున నిలబడి ఉన్నాడట. ఇది ఎవరికి అని గిడ్డమ్మ అడిగితే నువ్వు లేచి కూర్చుని ఏమన్నావో ఆవిడ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది: "మా సుంకమ్మకు. కడప నుంచి రాంగానే దీంట్లోకి దింపుతా."

తాతా, నీకేమైనా బాగాలేదా? ఉంటే దాచకుండా చెప్పు, నేను రేపే బయలుదేరుతాను. బాగానే ఉంటే అవ్వ మాట విను. ఆమె ఏడవలేదు, అరవలేదు, నెమ్మదిగా చెప్పింది: "ఆ గుంట పూడ్చేదాక నేను కోడుమూరు గడప తొక్కను. నన్ను గుంటలోకి దింపే మంచం నాకొద్దు. నువ్వు షాపు మంచానికి చెప్పు పాపా."

షాపులో చెప్పేశాను. వచ్చే ఆదివారం వ్యాన్ వస్తుంది.

అరుణ

తా.క. ఓబులేసు తాత తిరుగు బస్సులో సీటు దొరికేదాకా అవ్వతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బతికుండి మోసం చేసిందన్నట్టు చూశాడు.

●

కోడుమూరు
మంగళవారం

చావని సుంకమ్మ మనవరాలికి, చచ్చేంత నవ్విన తాత రాసేది.

నాకేమీ కాలేదు. నువ్వు రావద్దు. నిదానంగా చదువు, మీ అవ్వకు కూడా నిదానంగా చదివి చెప్పు.

నేను ఇన్నేండ్లు ఎట్ల కూసొని నేసినా? పీట నేలకు సమంగా, కాళ్ళు మగ్గం గుంటలో. పొద్దన కూసుంటే దీపాలు పెట్టేదాక అట్లనే. నాకు ఎప్పుడన్నా మోకాలు నొప్పి వచ్చిందా? నిలబడి కూరగాయలు బేరం చేసి వచ్చే మీ అవ్వకే వచ్చింది. అందుకే నాకు తోచింది. మంచం పల్లంగా ఉంటే నేలను ఇంకా పల్లం చేస్తే సరిపోతాది గదా. మంచాన్ని గుంట అంచుకు జరిపి, గుంట అడుగున కొంచిం మట్టి పోసి ఎత్తు చేసి, అంచున కూసొని కాళ్ళు గుంటలోకి దింపితే, గుంట అడుగు నుంచి మంచానికి సరిగ్గా మీ డాక్టరు చెప్పిన ఎత్తు. జయరాజ్ టేపు పట్టింది ఆ ఎత్తు చూసేదానికే. గుంట మాత్రం చిన్నది. మీ అవ్వ మంచం మీద యాడ కూసుంటే ఆడ కాళ్ళు పెట్టుకోవల్లని మంచం పొడుగునా తవ్వినా. తవ్వి తవ్వి అలిసినా. బయట నిప్పులు కురుస్తాంటే గుంటలో మట్టి సల్లగా ఉండె, ఒక కునుకు తీసినా. ఆ కునుకును గిడ్డమ్మ చూసె.

దింపుతా అన్నది నేనే. కాళ్ళను అనే మాట నోట్లోనే ఉండిపాయె. ఆయమ్మ మొకం చూసినాక బయటికి తీయబుద్ధి కాలేదు.

గంటకు జనం వచ్చినారు. నేను చెబుదామనే నోరు తెరిచినా. ఇంతలో సావు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు గదాని ఒకరు సంగటి, ఇంకొకరు గోంగూర పప్పు, జయరాజ్ భార్య రెజీనా కోడిగుడ్ల పులుసు తెచ్చి ముందర పెట్టినారు. ఉగ్గాని తిని తిని నా నాలిక అరిగిపోయి ఉండె. తెరిచిన నోటితో ఏం చేయల్ల? తిన్నా. తలకాయ వంచుకొనే తిన్నా, అందురూ ఎంత దుఃఖమో అనుకున్నారు. చెయ్యి కడుక్కున్నాక చెప్పినా, సుంకమ్మ బాగుండాది, పున్నమికి వస్తాదని. గిన్నెలు అప్పటికప్పుడే వెనక్కి తీసకపోయినారు, కడగకుండానే.

ఉపాయం మంచిదే. కానీ మీ అవ్వ వద్దంటే వద్దు. తవ్విన మట్టి తవ్వినట్లే పూడుస్తాండా. ఆ గుంటలో కాళ్ళు పెట్టి నలుగురు పిల్లోళ్ళను సాకినా, దాన్ని పూడ్చేటప్పుడు పార బరువుగానే ఉండె. పోనీ.

షాపుకు వద్దని చెప్పు. మంచం ఎత్తు నేను పెంచుతా. ఎట్లనో అడగొద్దు.

ఇట్లు, మట్టి కొట్టుకున్న మీ తాత.

తా.క. గిడ్డమ్మ వచ్చి, అన్నా తప్పైపోయింది అని ఏడ్చింది. క్షమించినా. గోంగూర పప్పు ఆయమ్మదే.

●

కడప
గురువారం

తాతకు,

నీ ఉత్తరం చదువుతుంటే అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్తే నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. నన్ను చూసి వెంటనే మొహం గంభీరంగా పెట్టి అడిగింది: "నా సావుకు కూడు తిన్నాడా? పప్పులో ఎల్లిగడ్డ తాలింపు పెట్టిందా ఆ గిడ్డమ్మ, పెట్టలేదా?"

అయినా మంచం సంగతిలో మెత్తబడలేదు. నేనూ మెత్తబడను. కాళ్ళ కింద ఇటుకలు పెడతావేమో, అది కుదరదు. ఇటుకల మీద మంచం కదిలి అవ్వ జారితే ఎవరు పట్టుకుంటారు? పొట్టి కాళ్ళకు ముక్కలు అతికిస్తే అవి నిలవవని మా ఆయన అంటున్నారు. కొత్త చెక్క కోయించి ఆరబెట్టే సమయం లేదు. ఇక నీ దగ్గర ఏముంది తాతా?

వ్యాన్ ఆపలేదు. ఒక రోజు వెనక్కి మాత్రం జరిపాను. సోమవారం మేం కారులో అవ్వను తీసుకుని వస్తాం, వెనకాలే వ్యాన్ వస్తుంది. అవ్వ నీ మంచం మీద కూర్చుని పాదాలు నేలకు ఆనితే వ్యాన్ వెనక్కి పోతుంది. ఆనకపోతే నువ్వే చెయ్యి వేసి షాపు మంచం దింపించాలి. ఒప్పుకుంటే ఉత్తరం రాయి. ఒప్పుకోకపోయినా వస్తాం.

అరుణ

తా.క. తాలింపు సంగతి తప్పకుండా రాయమంది.

●

కోడుమూరు
శనివారం

అరుణమ్మకు తాత రాసేది.

ఒప్పుకున్నా. రండి.

మగ్గం గుంజలు నాలుగూ ఇప్పుడు మంచానికి కాళ్ళు. నువ్వు మొదట్లో చెప్పిందే, ఆఖరికి అదే చేసినా. యాప కాళ్ళు పీకి, చట్రానికి బెజ్జాలు వేసి బిగించినాము. ఈసారి జయరాజ్ ఇనుప టేపుతోనే కొలిచినా, ఒకసారి నేను, ఒకసారి ఆయప్ప. గుంజల మీద నా వీపు ఆనిన చోట నున్నగా మెరుస్తాండాది. ఆ వైపు లోపలికి తిప్పి పెట్టినా, మీ అవ్వ కాలు తగిలినా గీసుకోదు.

రంపం పెట్టే ముందర జయరాజ్ నా మొకం చూసి ఆగినాడు. కోయప్పా అన్నా. కోసినాడు. ఆ పొద్దంతా ఒక్క ఎగతాళి మాట ఆడలేదు. ఆయప్ప అట్ల ఊరకుంటే నాకే భయమేసింది.

"ఏమప్పా, కొంగు ఏ పక్క పెడదాం?" అని నేనే అడిగినా.

"తలవైపు పెట్టన్నా, వదినెకు గాలి వస్తాది," అన్నాడు.

గది నిండా ఇప్పుడు మంచమే. గుంట ఉన్న చోట నేల అలికించినా. మంచం మీద కూసొని చూసినా, ఊపి చూసినా, గిడ్డమ్మను కూడా కూసోబెట్టి చూసినా. ఆయమ్మ లేచేటప్పుడు కూడా కదలలేదంటే ఇంగ భూకంపానికి కూడా కదలదు.

చీర నేసి ఇయ్యమని వచ్చేటోడు వస్తే, నేను పండుకున్నానని చెప్తా.

ఇట్లు,
రామలింగప్ప

తా.క. తాలింపులో ఎల్లిగడ్డ పెట్టింది, కరేపాకు మరిచింది. ఏదీ మరవని మనిషి వస్తాందని గిడ్డమ్మకు చెప్పినా.

●

కడప
బుధవారం

తాతకు నమస్కారాలు.

ఇది ముందే రాయాల్సింది. కడప చేరినప్పటి నుంచి ఆఫీసు పని. పోయిన వారం సోమవారం అక్కడ ఉన్నప్పుడు నీ ముందు చెప్పలేదు, చెబితే ఇంకో వారం మమ్మల్ని ఆటపట్టిస్తావని. ఇప్పుడు దూరంగా ఉన్నాను కనుక చెప్తున్నాను. మంచం బాగుంది. అవ్వ కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించి, ఒకసారి మునివేళ్ళు ఎత్తి దించింది. తర్వాత కిందికి వంగకుండా చేత్తో ఆ గుంజను తడిమింది. తడిమి, మగ్గం యాడ అని నిన్ను అడగలేదు. అడగదని నువ్వూ అనుకునే ఉంటావు. బయటికి వచ్చి వ్యాన్ అబ్బాయికి టీ ఇప్పించి పంపమని నాతో చెప్పింది.

కానీ తాతా, ఇప్పుడు కొత్త గొడవ. మంచం అరుస్తోందట. నిన్న గిడ్డమ్మ ఫోన్ చేసి, తెల్లవారుజామున మీ మంచం చప్పుడుకు మా ఇంట్లో కోళ్ళు లేస్తున్నాయి అంది. అవ్వను అడిగితే, "అరుస్తాది పాపా, మీ తాత బాగు చేయనంటాడు. సమురు పోస్తాడు గానీ చప్పుడు లేని పక్క పోస్తాడు," అంది. ఆ సోమవారం మేమందరం కూర్చుని చూశాం, చిన్న కిర్రు కూడా లేదు. అంతలోనే ఏమైంది? ఎక్కడో బిగువు వదిలినట్టుంది. బిగువు వదిలితే రేపు విరుగుతుంది, అవ్వ పడుతుంది. ఇది నవ్వుకునే విషయం కాదు.

జయరాజ్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆదివారం వచ్చి మంచం మొత్తం విప్పి చూస్తానన్నాడు. తేడా ఉంటే షాపు మంచం పంపిస్తాను, ఈసారి నీ సంతకం అక్కరలేదు.

ప్రేమతో,
అరుణ

తా.క. అవ్వ చీపురు కనపడటం లేదట. నీకేమైనా తెలుసా?

●

కోడుమూరు
శుక్రవారం

అరుణజ్యోతికి తాత రామలింగప్ప ఆదరాబాదరాగా రాసేది. ఈ జాబు పోస్టులో వేయకుండా కడప బస్సు కండక్టరు చేతికి ఇస్తాండా. ఆదివారం లోపల నీకు చేరల్ల.

జయరాజ్‌ను రావద్దని చెప్పు. మంచానికి ఏమీ కాలేదు. బిగువు వదలలేదు, విరగదు. నా మగ్గం మీద ఒట్టు పెడదామంటే మగ్గం లేదు, ఆ మంచం మీదనే ఒట్టు.

మీ అవ్వ సంగతి నీకు తెలియంది గాదు. మూడు నెలలు వంగకూడదు, ఊడ్చకూడదు, బిందె ఎత్తకూడదని డాక్టరు నీ ముందరే చెప్పినాడు. ఆమె తల ఊపింది. ఆమె తల ఊపితే ఏమి అర్థమో ఆ డాక్టరుకు తెలియదు, మనకు తెలుసు. మీరు కారెక్కి పోయిన మర్నాడు నేను లేచేసరికి వాకిలి ఊడ్చి ఉండె, ముగ్గు వేసి ఉండె, ఆమె మంచం మీద ఏమీ ఎరగనట్ల కూసోనుండె. ఏమే, ఎవురు ఊడ్చినారంటే, గాలి ఊడ్చిందన్నది. గాలి ముగ్గు కూడా వేస్తాదా అన్నా. ఈ మధ్య వేస్తాండాది అన్నది. నా నిద్ర సంగతి నీకు తెలుసు, గుంటలో పండుకున్నా పట్టే నిద్ర. చీపురు దాచినా. మీ అవ్వ గిడ్డమ్మ చీపురు తెచ్చుకుంది.

మంచం అరిచేది మొదలుపెట్టినాక అది ఆగింది. ఆమె కాలు కింద పెడితే చాలు, పక్క వీధి దాకా వినపడుతాది. నేను లేచి, "యాడికే?" అంటా.

"యాడికీ లేదు, కాలు సాచుకుంటాండా," అంటాది. మల్ల పండుకుంటాది.

నాలుగు దినాలు ఇట్ల నేనే గెలిచినా. ఐదో దినం నుంచి ఆమె గెలుస్తాండాది. ఎట్లంటావా? ఇప్పుడు కాలు కింద పెట్టదు. పండుకోనే ఉండి మడమతో అంచును రెండుసార్లు నొక్కుతాది. అది అరుస్తాది, నేను పరిగెత్తుతా. ఏమీ లేదు, లేచినావు గదా, కాఫీ పెట్టు అంటాది. కాఫీ తాగినాక మల్ల నొక్కుతాది. వాకిలి ఊడ్చల్ల. మల్ల నొక్కుతాది. బిందెలు నింపల్ల. ముగ్గు కూడా నేనే వేస్తాండా అరుణమ్మా. సరిగా రాక పాములు వేసి వదిలేస్తాండా. ఊరంతా ఆగి చూసి పోతాండారు. గిడ్డమ్మ అయితే మంచం అరుస్తానే గ్లాసు పట్టుకొని కాఫీకి వస్తాండాది.

అయినా సరే, మూడు నెలలు అయ్యేదాక ఆ మంచం అట్లనే అరవల్ల. నువ్వు జయరాజ్‌ను పంపితే పాపం ఆ అమాయకుడు నిజంగానే విప్పుతాడు.

ఇట్లు,
నీళ్ళు మోస్తాండే మీ తాత

తా.క. ఇది నీ ఒక్కదానికే. ఈసారన్నా బిగ్గరగా చదవొద్దు, ఫోనులో చెప్పొద్దు, మొగుడికి కూడా వద్దు. మీ అవ్వ ముగ్గు వేసిన ఆ పొద్దున, ఆమె నీళ్ళు పోసుకునేదానికి పోయినప్పుడు, కాలు దించే పక్క పలక ఎత్తి, కింద ఎండు వెదురు బద్ద ఒకటి ఇరికించింది నేనే.